సైకిలు: ఆరోగ్యమా? వ్యసనమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ సమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గ్రంథాలయ చరిత్రను గూర్చి నాకంటె బాగుగ తెలిసినవారు ఇంతకుముందే మాటలాడియున్నారు. పుస్తకపఠనము వలని లాభములను గూర్చి చెప్పుటకు నాకంటె చదువుకొన్నవారు ఈ సభలో పలువురు కలరు. నాకు నిండుగ తెలిసిన వస్తువు ఒక్కటే. అది సైకిలు. గ్రంథాలయ సభలో సైకిలు ముచ్చట యేమని కొందరు నవ్వుకొనవచ్చును. కాని 2000 సంవత్సరములో ఈ గ్రంథాలయమునకు మొదటి పుస్తకముల కట్ట తెనాలినుండి వచ్చినది ఒక సైకిలు కారియరుమీదనే. కట్టకు గోనెసంచి చుట్టి, పాత ట్యూబు ముక్కతో బిగించి, దారిలో వాన పట్టగా నా చొక్కా విప్పి పైన కప్పి తెచ్చినవాడను నేనే. కనుక ఈ ఇంటిలో సైకిలుకు కూడ కొంత చోటు కలదని నా విన్నపము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు మరియొక కారణము కలదు. మూడు నాలుగేండ్లుగా ఊరిలో ఒక మాట పుట్టినది. "పోస్టు బాబాయికి సైకిలు పిచ్చి పట్టింది" అని. ఆ మాట నా చెవిని పడకపోలేదు. మొదట నవ్వితిని, తరువాత కోపగించితిని, పిమ్మట ఆలోచించితిని. ఆ ఆలోచననే నేడు మీ యెదుట పెట్టుచున్నాను.

ముప్పదిరెండేండ్లు తపాలాశాఖలో ఉత్తరములు పంచు ఉద్యోగము చేసితిని. మూడు గ్రామములు, రెండు శివారు పల్లెలు నా వంతు. ఎండయైనను వానయైనను దినమునకు ఇరువది కిలోమీటర్లకు తగ్గకుండ త్రొక్కెడివాడను. ఆ కాలమున నన్నెవ్వరును సైకిలు పిచ్చివాడనలేదు. బండి తోలువానికి ఎడ్ల పిచ్చి యని ఎవరందురు? సాయంకాలము సైకిలును గోడకు ఆనించిన పిమ్మట మరల దానివంక చూచెడివాడను కాను. ఆదివారము దానిని ముట్టుటయే లేదు. 2017లో పదవీవిరమణ చేసి దానిని పశువులపాకలో పెట్టితిని. సంవత్సరము తిరుగకముందే నడుము పెరిగినది, రక్తములో చక్కెరయు పెరిగినది. వైద్యుడు మాత్రలు వ్రాసియిచ్చి, "ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడింది ఆ సైకిలేనండీ, మళ్ళీ బయటికి తీయండి" అనెను. తీసితిని. ఇంతవరకు కథలో తప్పేమియు లేదు.

ఆ వైద్యుని మాటకు బలమైన ఆధారమే కలదు. గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు బ్రిటనులో రెండు లక్షల అరువదివేలకు పైబడిన జనుల వివరములను సుమారు ఐదేండ్లపాటు గమనించి, 2017లో ఒక వ్యాసము ప్రకటించిరి. పనికి సైకిలుమీద పోవువారిలో, కదలకుండ కూర్చుండి ప్రయాణము చేయువారికంటె, ఆ కాలములో మరణించు అవకాశము నూటికి 41 వంతులు తక్కువగ కనబడెను. సైకిలు త్రొక్కువారు మొదటినుండియు ఆరోగ్యవంతులేమో యను సందేహము సహజము. పొగ త్రాగుట, తిండి మొదలగువానిని వారు లెక్కలోనికి తీసికొనిరి. అయినను ఇట్టి పరిశీలనవలన రెంటికి సంబంధము తెలియును గాని, ఒకటి రెండవదానికి కారణమని పూర్తిగ ఋజువు కాదు. సైకిలు త్రొక్కునప్పుడు మోకాళ్ళమీద శరీరభారము పడదు గనుక పెద్దవయసువారికి అనుకూలము. అయితే ఆ గుణముననే ఒక దోషము కలదు. బరువు మోయని యెముక గట్టిపడదు. సైకిలే తప్ప వేరు వ్యాయామము నెరుగని పందెగాండ్ర వెన్నెముకలో ఎముక పలుచబడియుండుటను వైద్యులు గమనించియున్నారు. మన రైతులకు ఈ భయము కొంత తక్కువ. చేలో బస్తాలు మోయువాని యెముకకు బరువు మోయు పని దొరకును. నావంటివాడు మాత్రము కొంత నడువవలెను.

సైకిలును గూర్చి భయపెట్టుటయు క్రొత్త కాదు. 1890 దాటిన తరువాత ఇంగ్లండులో కొందరు వైద్యులు, సైకిలు త్రొక్కువారికి, అందు ముఖ్యముగ స్త్రీలకు, ముఖము బిగిసి కన్నులు ముందుకు వచ్చునని, దానికి "సైకిలు ముఖము" అని పేరుపెట్టి పత్రికలలో వ్రాసిరి. ఆ ముఖము నేడెక్కడను కానరాదు. ఆ దినములలోనే, 1895లో, టాల్‌స్టాయి తన 67వ యేట మాస్కోలో సైకిలు నేర్చెను. అంతకు కొంచెము ముందే ఏడేండ్లయినను నిండని ఆయన కడగొట్టు కుమారుడు మరణించెను. ఋషివంటివానికి ఈ వయసున ఈ ఆటయేమని కొందరికి వింతగ తోచెను. అదే సంవత్సరము జూలైలో వివాహమాడిన క్యూరీ దంపతులు సైకిళ్ళు కొనుక్కొని వానిమీదనే ఫ్రాన్సు పల్లెటూళ్ళు తిరిగిరి. పుత్రశోకములో నున్న ముసలివానికిని, క్రొత్త పెండ్లివారికిని ఒకే యంత్రము పనికివచ్చినది. ఇట్టి వస్తువును దూషించుటకు నాకు నోరు రాదు.

అట్లయిన పిచ్చి యను మాట ఎక్కడనుండి వచ్చినది? నా చిన్ననాటి ముచ్చట యొకటి చెప్పెదను. మా తరమువారందరును దీనిని చూచియే యుందురు. ఆ కాలమున ఊళ్ళకు సైకిలు ఆటవారు వచ్చెడివారు. ఊరిబయట ఖాళీస్థలములో నడుమ ఒక గుంజ నాటి, దానికి మైకు కట్టి, దాని చుట్టును ఒక మనుష్యుడు ఏడు దినములు నేలపై కాలు మోపకుండ సైకిలు త్రొక్కెడివాడు. దానిమీదనే స్నానము, దానిమీదనే భోజనము, గడ్డము గీసికొనుటయు దానిమీదనే. గంటకు పదిహేను పైసలకు అద్దె సైకిలు తెచ్చుకొని, సీటు అందక బారు క్రిందినుండి కాలు దూర్చి త్రొక్కుచు మోకాళ్ళు కొట్టుకొను మాకు ఆయన దేవుడు. జనము లేనివేళ దొంగతనముగ దిగి పండుకొనునేమోయని నాకు అనుమానము. ఒకనాడు కోడికూతకు ముందే లేచి పోయి కంపచాటున నిలిచి చూచితిని. ఆయన దిగలేదు. కన్నులు మూసికొని, నోరు తెరచుకొని, గానుగెద్దువలె తిరుగుచునే యుండెను. గుంజకడ ఆయన భార్య బిడ్డను ఒడిలో వేసికొని, అతడు తూలినప్పుడెల్ల పేరు పెట్టి పిలుచుచుండెను. ఏడవనాడు దింపగా నిలువలేక ఇద్దరి భుజములమీద వ్రాలెను. పాదములు ఉబ్బి చర్మము మెరయుచుండెను. పెద్దలు దండవేసి ధాన్యమును రొక్కమును ఇచ్చిరి. ఇంటికి వచ్చుచు నేను, "ఎంత పిచ్చి నాన్నా ఆయనకు సైకిలంటే!" అంటిని. మా నాయన, "పిచ్చి కాదురా, ఆకలి" అనెను.

ఇంగ్లండులో ఇటువంటివాడే యొకడుండెను. పేరు టామీ గాడ్విన్. 1939 జనవరి 1వ తేదీన బయలుదేరి ఆ యొక్క సంవత్సరములో 75,065 మైళ్ళు త్రొక్కెను. అనగా లక్షా ఇరువదివేల కిలోమీటర్లకు పైన. దినమునకు సగటున 200 మైళ్ళు దాటెను. ఆ యేటి సెప్టెంబరులో యుద్ధము వచ్చి, దేశమంతట దీపములు ఆర్పివేయగా, చీకటి రోడ్లమీద గూడ త్రొక్కెను. ఆయన శాకాహారి యని చెప్పిన మన శాకాహారులు సంతోషింతురు. అంతటితో ఆగక 1940 మే నెలలో లక్ష మైళ్ళు పూర్తిచేసి, దిగి, వాయుసేనలో చేరెను. దిగిన తరువాత కొన్ని వారములపాటు నడక మరల అలవరచుకొనవలసివచ్చెనని ఆయన కథ వ్రాసినవారు చెప్పుదురు. ఆయన లెక్కను మరియొకరు దాటినది 2016లో. ఇది వ్యసనమా యని నన్నడిగిన, కాదనియే అందును. ఆయనకు జీతమిచ్చినవారు ఉండిరి, గడువు ఉండెను. గడువు తీరగానే దిగెను.

దిగలేకపోయినవాడును కలడు. 1967 జూలై 13న ఫ్రాన్సు దేశపు పెద్ద పందెములో టామ్ సింప్సన్ అను 29 ఏండ్ల ఇంగ్లీషు వీరుడు వాంటూ కొండను ఎక్కుచు పడిపోయి మరణించెను. ఆయన రక్తములోను జేబులోను ఉత్తేజము కలిగించు మందు దొరకెను. మండుటెండ, కొండ, మందు మూడును కలిసినవి. ఆయాసము శరీరము వ్రాయు ఉత్తరమువంటిది. ఆ మందు ఆ ఉత్తరమును దారిలోనే చించివేయును. ఉత్తరములు పంచినవాడను గనుక నాకు ఈ పోలిక తోచినది.

ఇక వ్యసనమను మాట. తెలుగులో దుఃఖపడుటను గూడ వ్యసనపడుట యందురు. అది యూరక వచ్చిన వాడుక కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఎనిమిదవ అధికరణము వ్యసనములను గూర్చినదే. మనుష్యుని శ్రేయస్సునుండి దూరముగ విసరివేయునది గనుక దానికి ఆ పేరు వచ్చినదని ఆయన వివరణ. పూర్వులు లెక్కించిన సప్తవ్యసనములలో జూదము, పానము మొదలగువానితోపాటు వేట యొకటి. వేటయనగా ఆ కాలపు రాజుల వ్యాయామము. అది వ్యసనమగునా కాదా యని పెద్దలలోనే వాదము నడచినది. వేట చెడ్డదా జూదము చెడ్డదా యను చర్చ వచ్చినప్పుడు కౌటిల్యుడు, వేటవలన క్రొవ్వు కరగును, చెమట పట్టును, కదలెడి గురిని కొట్టుట అలవడును, కావున జూదమే ఎక్కువ చెడ్డదని నిర్ణయించెను. అభిజ్ఞాన శాకుంతలము రెండవ యంకములో సేనాపతియు ఇదే వాదమును చేయును. నడుము సన్నబడును, దేహము తేలికపడును, దీనిని వ్యసనమనుట పొరపాటని ఆతడు వేటను పొగడును. విదూషకుడు మాత్రము కీళ్ళన్నియు సడలినవని మొరపెట్టుకొనుచుండును. నేటి సైకిలు బృందములలో జరుగు వాదమంతయు ఆ యంకములోనే కలదు. తెల్లవారుజామున నాలుగింటికి ఫోను చేసి లేపు నాయకుడు సేనాపతి. మొగమాటమునకు లేచివచ్చిన స్నేహితుడు విదూషకుడు. దుష్యంతుడు ఆనాడు వేట మానెను గాని, అది విదూషకుని బోధవలన కాదు, మనసు ఆశ్రమములో చిక్కుకొనుటవలన. ఒక వ్యసనమును మరియొకటి త్రోసివేయుట అప్పుడును ఉండెను.

సేనాపతి చెప్పక విడిచిన మాట యొకటి కలదు. దశరథుడు యౌవనములో వేటకు పోయి సరయూతీరమున చీకటిలో చప్పుడు విని బాణము వేసెను. వేటవలన ఆయన దేహమునకు మేలే కలిగియుండవచ్చును. ఆ రాత్రి మూల్యము చెల్లించినవారు నీళ్ళు ముంచుకొనుటకు వచ్చిన బాలుడును, వానికొరకు ఎదురుచూచుచుండిన గ్రుడ్డి తల్లిదండ్రులును. వేటను వ్యసనములలో చేర్చిన పెద్దలు వేటగాని నాడి చూచి చేర్చలేదని నాకు తోచుచున్నది. ఇంటికడ ఎదురుచూచువారిని చూచి చేర్చియుందురు.

నేటి పండితులు ఏమనుచున్నారు? 1970లో అమెరికాలో బేక్‌లండ్ అను వైద్యుడు, వ్యాయామము మానినచో నిద్ర ఎట్లుండునో పరిశోధింపదలచెను. ఒక నెల దినములు మానువారికి డబ్బిచ్చుటకు సిద్ధపడెను. వారమునకు ఐదారు దినములు వ్యాయామము చేయువారు ఎంత యిత్తునన్నను ఒప్పుకొనలేదు. చివరకు అంతకు తక్కువ చేయువారితోనే సరిపెట్టుకొనవలసివచ్చెను. వారికిని నిద్ర చెడినది, ఆందోళన పెరిగినది. 1976లో విలియం గ్లాసర్ అను మనోవైద్యుడు పరుగు, ధ్యానము వంటివి మంచి వ్యసనములని ఒక గ్రంథమే వ్రాసెను. మంచి వ్యసనమను మాట నాకు మంచి అప్పు అను మాటవలె వినబడును. బ్రిటనులోని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కొందరు 2004లో ఆరు ప్రశ్నలు కూర్చిరి. నీ జీవితములో అన్నిటికంటె ముఖ్యమైనది అదియేనా? దానివలన ఇంటివారితో తగవులు వచ్చుచున్నవా? మనసు బాగుండనప్పుడు దానినే ఆశ్రయింతువా? నిన్నటి మోతాదు నేడు చాలకున్నదా? ఒకనాడు తప్పిన చిరాకు పుట్టునా? తగ్గించుకొని మరల మొదటికే వచ్చుచున్నావా? ఇవి వారి ప్రశ్నల సారాంశము. నిత్యము వ్యాయామము చేయువారిలో ఈ గీత దాటినవారు నూటికి ఇద్దరో ముగ్గురో యని వారి అంచనాలు. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో ప్రకటించిన రోగముల పట్టికలో జూదము చేరినది గాని వ్యాయామము చేరలేదు. ఆధారములు చాలవనిరి. కౌటిల్యుడు చెప్పిన వరుసయే ఇప్పటికిని నిలిచియున్నదన్నమాట.

ఆ ఆరు ప్రశ్నలకు నేను జవాబులు వ్రాసికొంటిని. ఐదింటికి అవుననియే వచ్చినది. ఇక నా కథలో మిగిలిన భాగము చెప్పవలసియున్నది.

2021లో మా అబ్బాయి గేర్లున్న సైకిలు కొని పంపెను. దానితోపాటు, ఎంత దూరము త్రొక్కితినో లెక్క వ్రాయు ఏర్పాటు నా ఫోనులో పెట్టెను. తపాలా ఉద్యోగములో నా కిలోమీటర్లను ఎవరును లెక్కింపలేదు. ఇప్పుడు ప్రతిదినము ఒక అంకె కనబడుచున్నది. నిన్న ముప్పది యైన నేడు ముప్పదిరెండు కావలెను. కాలువగట్టు చాలక దుగ్గిరాల, అది చాలక బాపట్ల. ఒకనాడు సూర్యలంక సముద్రమువరకు పోయి, నీళ్ళవంక ఒక్క చూపు చూచి, వెంటనే వెనుకకు తిరిగితిని. ఎందుకనగా ఎండెక్కకముందు లెక్క పూర్తి కావలెను. సముద్రముకడకు పోయి సముద్రమును చూడనివాడు ఎట్టివాడో మీరే చెప్పుడు. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు తిమ్మిరెక్కి, గ్లాసు పట్టుకొన్న జారసాగెను. హేండిలుమీద గంటలకొద్ది అరచేయి నొక్కుటవలన నరము ఒత్తుకొనుచున్నదని, కొన్నాళ్ళు మానుమని వైద్యుడు చెప్పెను. వైద్యుని మార్చితిని.

2023 ఆగస్టులో ఒకనాడు చక్కెర మాత్ర వేసికొని, ఏమియు తినకుండ పోయితిని. కాలువగట్టుమీద కన్నులు తిరిగి పడితిని. పాలవాడు లేవనెత్తి తన సంచిలోని బెల్లపుముక్క నోట పెట్టెను. తెలివి వచ్చిన తక్షణము నేను చూచినది మోకాలి దెబ్బను గాదు. ఫోనులో లెక్క ఆగినదా సాగుచున్నదా యని. ఆ పాలవాడు ఈ సభలోనే యున్నాడు. నా మాట అబద్ధమైన లేచి చెప్పవచ్చును. ఇంటికి రాగానే మా యింటిది దెబ్బకు పసుపు అద్దుచు, "ఏమండీ, మీరు దాన్ని తొక్కుతున్నారా, అది మిమ్మల్ని తొక్కుతున్నదా?" అని అడిగెను. నేను మాటలాడలేదు. మూడవనాడు మరల బయలుదేరితిని.

ఇవన్నియు నా దేహమునకు సంబంధించినవి. దెబ్బ నాది, నొప్పి నాది అని సమర్థించుకొనవచ్చును. ఈ సభకు సంబంధించినది వేరుగ కలదు.

పదవీవిరమణ నాటినుండి ఈ గ్రంథాలయపు ఉదయపు తాళపుచెవి నా యొద్దనే యుండెనని మీకు తెలియును. ఆరు గంటలకు తలుపు తీసి, పత్రికలు బల్లపై పరచుట నా పని. నాకు ఎవరును జీతమీయలేదు, నేనును అడుగలేదు. కనుక ఆలస్యమునకు సంజాయిషీ అడిగినవారును లేరు. ఈ సంచికకొరకు పాఠకుల లెక్క తీయవలెనని కార్యదర్శిగారు పాత రిజిస్టర్లు నాకిచ్చిరి. వచ్చినవారు పేరు, వేళ వ్రాసి సంతకము చేయు పుస్తకములవి. 2022లో ఉదయమువేళ దినమునకు పది పదునొకండు సంతకములు కలవు. 2023 జూను తరువాత ఎనిమిది, ఆరు, నాలుగు. కార్తికమాసము నాటికి ఒకటి, రెండు. కొన్ని దినములు పుట ఖాళీ. ఊరిలో చదువు తగ్గినదని, సెల్ ఫోనులవలన జనము చెడినదని ఒక వ్యాసము వ్రాయుటకు కూర్చుంటిని. కాగితముమీద నాలుగు వాక్యములు వ్రాసితిని గూడ. అప్పుడేమి తోచెనో, నా ఫోనులోని లెక్కను తీసి రిజిస్టరు ప్రక్కన పెట్టితిని. నేను అరువది కిలోమీటర్లు త్రొక్కిన దినములెల్ల ఇచ్చట పుట ఖాళీ. నేను నూరు దాటిన దినమున మొదటి సంతకము తొమ్మిదింటికి.

ఆ ఒకటి రెండు సంతకములలో ఒకటి ఎప్పుడును ఒకే అమ్మాయిది. పేరు చెప్పను. ఒక్క గది యిల్లు, అందులో ఆరుగురు. ఉద్యోగపు పరీక్షకు చదువుకొనుటకు ఆమెకు ఈ గ్రంథాలయము తప్ప చోటు లేదు. ఎనిమిదింటికి బస్సెక్కి తెనాలిలో బట్టలకొట్టులో పనికి పోవలెను. ఆరునుండి ఎనిమిదివరకే ఆమెది. నేను ఏడున్నరకు వచ్చిన ఆమెకు మిగులునది అరగంట. ఎన్ని ఉదయములు ఆమె ఆ మెట్టుమీద వీధిదీపము క్రింద కూర్చుండి చదివినదో నాకు తెలియదు. నేను చూచినవే చాల కలవు. చెమటతో దిగి తాళము తీయుచు, "ఆలస్యమైందమ్మా" అనెడివాడను. "పర్లేదు బాబాయ్‌గారూ" అనెడిది. ఒక్కనాడును నన్ను నిందింపలేదు. నిందించియున్న నాకు కోపము వచ్చియుండెడిదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను. 2023 డిసెంబరు తరువాత ఆమె సంతకము రిజిస్టరులో లేదు.

నేను త్రొక్కిన ప్రతి కిలోమీటరు నా గుండెకు మేలు చేసియుండవచ్చును. చక్కెర తగ్గిన మాట నిజము. ఆ మేలుకు కావలసిన గంటలు నా సొంత గంటలు కావు, అంతే.

ఇంతమాత్రమున సైకిలు మానుడని చెప్పుటకు నేను లేవలేదు. ఈ ప్రసంగము విని కొట్టుముందు బల్లమీద కూర్చుండు మా స్నేహితులు సంతోషించి, "చూశావా, కూర్చోడమే మేలు" అనుకొనిన అది నాకు అవమానము. మన ఊరిలో వ్యసనము పట్టునంతగ సైకిలు త్రొక్కువారు ఇద్దరున్న, వీధి చివరనున్న కొట్టుకు మోటారుసైకిలుమీద పోవువారు ఇన్నూరుమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చెప్పినది పెద్దలకు వారమునకు తక్కువలో తక్కువ 150 నిమిషముల ఓమాదిరి శ్రమ. చాలమందికి ఆ మాత్రమును లేదు.

తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమముతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పిరి. వేలకువేలు పల్లెటూరి స్త్రీలు, కూలిపని చేయువారు, రాతిగనులలో పనిచేయువారు సైకిళ్ళెక్కిరి. ఆడవారి సైకిళ్ళు చాలక మగవారి సైకిళ్ళే కొనిరి. బారుమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే వీలని కొందరు దానినే కోరిరి. చూచినవారు దానిని పిచ్చి యనియే యుందురు. కాని ఆ పిచ్చిలో నీళ్ళబిందె కారియరుమీదికెక్కినది, పండిన సరకు అంగడికి చేరినది, బస్సుకొరకు గంటలకొద్ది నిలుచుట తప్పినది. ముప్పదిరెండేండ్లు నా సైకిలుమీదను ఒక సంచి యుండెడిది. అందులో మనియార్డరులు, పిలుపు కాగితములు, ఆడపిల్ల క్షేమముగ ప్రసవించిన వార్త. గేర్ల సైకిలుకు కారియరే లేదు. దానిని కొన్నప్పుడు ఆ సంగతి నేను గమనింపలేదు.

ఇప్పటి మాట చెప్పి ముగించెదను. ఫోనులోని ఏర్పాటును మా మనుమరాలిచేత తీసివేయించితిని. మొదటి పది దినములు ఎంత దూరము వచ్చితినో తెలియక, జేబులో పర్సు పోయినవానివలె తడుముకొంటిని. ఇప్పుడు గ్రంథాలయము తెరచి, చదువరులు కూర్చున్న తరువాత ఏడింటికి బయలుదేరి ఎనిమిదింటికి వచ్చుచున్నాను. ఎండ తగులుచున్నది, తగులనీ. సోమవారము త్రొక్కను. సోమవారములు కష్టముగ నున్నవి. క్రిందటి సోమవారము ఏమియు తోచక బీరువాలన్నియు దింపి దుమ్ము దులిపితిని. 2000లో నేను తెచ్చిన కట్టలోని పుస్తకము లొకటి రెండు ఇంకను వాన మరకతో కనబడినవి. ఒక పర్యాయము, గత మాఘమాసములో, మాట తప్పి పది దినములు వరుసగ పాత దారిన పోయితిని. అది గూడ రిజిస్టరులో కనబడును.

ఆ అమ్మాయి ఇప్పుడు గుంటూరులో చెల్లెలితో గది తీసికొని యున్నదట. పరీక్ష సంగతి అడుగుటకు నాకు మొగము చెల్లలేదు. పండుగకు వచ్చినప్పుడు వీధిలో ఎదురుపడి, "బాగున్నారా బాబాయ్‌గారూ, సైకిలు లేకుండా నడుస్తున్నారే" అనినది. ఎగతాళి కాదు, నిజముగనే అడిగినది.

నా ఆ నాలుగు వాక్యముల వ్యాసమును చించివేసితిని. రిజిస్టరు నుండి తీసిన లెక్కను, నా ఫోను లెక్కను ఎదురెదురుగ వ్రాసిన కాగితమును ఈ బల్లమీద ఉంచుచున్నాను. తాళపుచెవికి రెండవది చేయించి పాలవానియొద్ద ఉంచితిని. ఆతడు నాలుగింటికే లేచును, ఎన్నడును తప్పడు. మొదటిది ఇదిగో. నా యొద్ద ఉండవలెనో వద్దో సభ్యులు నిర్ణయించి కార్యదర్శిగారితో చెప్పుడు.